పాత బేస్ గిటార్ పుట్టిన తేదీ ఎక్కడ దొరుకుతుంది?

డాలస్‌లో ఉండే నా స్నేహితుడు ఒక పాత బేస్ గిటార్ కొన్నాడు. ఎర్రగా మెరిసే ఫెండర్ జాజ్ బేస్. "1966ది, రంగు కూడా ఫ్యాక్టరీలో వేసిందే" అని అమ్మినాయన చెప్పాడట. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి, గిటార్‌ని బోర్లా పడుకోబెట్టి, నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. "నువ్వే విప్పరా, నాకు టెన్షన్‌గా ఉంది" అన్నాడు.

తీగలు వదులు చేసి, వెనక ప్లేటుకున్న నాలుగు స్క్రూలు విప్పి, నెక్‌ని, అంటే తీగలు సాగే పొడవాటి మెడని, మెల్లగా ఊడదీశాం. బాడీలో దూరి ఉండే ఆ చివర, చెక్క మీద సిరా స్టాంపు కనిపించింది: 7 మార్ 66 ఎ. "మార్చి 7న పుట్టిందన్నమాట!" అని వాడు సంబరపడిపోయాడు. చాలామంది అలాగే చదువుతారు. కానీ ఆ 7 తేదీ కాదు, ఈ నెక్ జాజ్ బేస్‌ కోసం చేసిందని చెప్పే మోడల్ నంబరు. చివరి ఎ వెడల్పుకు గుర్తు. తీగలు ఆనే పైకొస దగ్గర ఈ నెక్ అంగుళంన్నర ఉంటుంది. మధ్యలో ఉన్నదొక్కటే కాలం: 1966 మార్చి. అదైనా గిటార్ తయారైన నెల కాదు. నెక్ అనే ఆ ఒక్క చెక్క ముక్క సిద్ధమైన నెల.

ఇక్కడినుంచే చిక్కు మొదలవుతుంది. పాత ఎలక్ట్రిక్ బేస్‌కి ఒకే పుట్టినరోజంటూ ఉండదు. నెక్‌ది ఒకటి, బాడీది ఒకటి, లోపలి విద్యుత్ భాగాలది ఇంకొకటి. అలా ఎందుకయిందో తెలియాలంటే ఈ వాయిద్యం ఎలా పుట్టిందో కొంచెం చెప్పుకోవాలి.

1950ల ముందు దాకా బ్యాండ్‌లో మంద్ర స్వరాల బాధ్యత డబుల్ బేస్‌ది. మనిషి కంటే ఎత్తు. కారులో పట్టడమే కష్టం. డ్రమ్ముల మధ్య, ఎలక్ట్రిక్ గిటార్ల మధ్య దాని గొంతు మునిగిపోయేది. పైగా దానికి మెట్లు ఉండవు కాబట్టి వేలు కాస్త జరిగినా శ్రుతి తప్పుతుంది. అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930ల్లోనే మెట్లున్న, గిటార్‌లా అడ్డంగా పట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్ చేశాడు. అది కొద్దిమంది దగ్గరే ఆగిపోయింది. లోకమంతా పాకింది మాత్రం 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊరి నుంచి లియో ఫెండర్ బయటికి తెచ్చిన ప్రెసిషన్ బేస్. మెట్లు ఉన్నాయి కాబట్టి వేలు ఎక్కడ పెట్టాలో అక్కడే కచ్చితమైన స్వరం పలుకుతుందన్నది ఆ పేరులోని అర్థం. నాలుగు తీగలు, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) నుంచి నెక్ పైకొస దాకా 34 అంగుళాల తీగ పొడవు. ఆ కొలతే ఈ రోజుకీ ప్రమాణం. 1960లో జాజ్ బేస్ వచ్చింది. దాని నడుము రెండు వైపులా సమానంగా కాకుండా ఏటవాలుగా ఉంటుంది. నెక్ సన్నం. తీగల ఊగుడును విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు ఒకటికి రెండు.

లియో ఫెండర్‌ది రేడియో రిపేరు షాపుతో మొదలైన జీవితం. ఆయనకు గిటార్ వాయించడం రాదు. రిపేరు చేసేవాడికి తెలిసింది ఆయనకు బాగా తెలుసు: ఏ వస్తువైనా పాడవుతుంది, పాడైన ముక్కను తీసి కొత్త ముక్క వేయగలగాలి. మన బొబ్బిలి వీణను తలుచుకోండి. గొల్లపల్లి పనివాళ్ళు ఒకే పనస దుంగలోంచి కుండ, దండి అన్నీ తొలుస్తారు. అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. అందులో దండి ఒక ఏడాదిది, కుండ ఇంకో ఏడాదిది అయ్యే వీలే లేదు. ఫెండర్ దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టాడు. నెక్‌ని జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించాడు. పికప్‌లు, కంట్రోళ్లు, బ్రిడ్జ్, బిరడలు, అన్నీ ఊడదీసి బిగించుకోగలిగినవే. ఫ్యాక్టరీలో నెక్‌లు ఒకచోట, బాడీలు ఒకచోట, వైండింగ్ చుట్టిన పికప్‌లు ఒకచోట పోగుపడేవి. కూర్చేవాళ్ళు చేతికందినవి తీసుకుని బిగించేవాళ్ళు. కాబట్టి ఏమీ మార్చని, పూర్తిగా అసలైన గిటార్‌లో కూడా తేదీలు ఒక దానితో ఒకటి కలవవు. కొన్ని వారాలు, కొన్ని నెలలు తేడా ఉండడం మామూలే. ఆ తేడా చూసి కంగారు పడక్కర్లేదు.

అన్నిటికంటే బలహీనమైన సాక్ష్యం ఏదంటే అందరూ మొదట అడిగేదే: సీరియల్ నంబరు. ఆ రోజుల్లో అది నెక్ ప్లేటు మీద ఉండేది. మా వాడి గిటార్ ప్లేటు మీద ఆరంకెల సంఖ్య, కింద పెద్ద ఎఫ్ అక్షరం ఉన్నాయి. ఈ రకం ప్లేట్లు 1965 చివర్లో మొదలై 1976 దాకా నడిచాయి. అయితే వాటిని వరుస ప్రకారం వాడలేదు. డబ్బాలోంచి చేతికొచ్చిన ప్లేటు తీసి బిగించేవాళ్ళు. పైగా నాలుగు స్క్రూలు విప్పితే చాలు, ఆ ప్లేటు ఏ గిటార్‌కైనా మారిపోతుంది. ఆన్‌లైన్‌లో సీరియల్ నంబరు కొట్టి "మీ గిటార్ ఫలానా ఏడాదిది" అని తేల్చేసేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. అది చెప్పగలిగేది సుమారు కాలం మాత్రమే.

నెక్ సాక్ష్యం గట్టిది. స్టాంపు ఒక్కటే కాదు, దాని ఆకారమూ కలిసి రావాలి. జాజ్ బేస్ నెక్‌కి 1965 చివర్లో అంచు చుట్టూ తెల్లటి బైండింగ్ వచ్చింది. 1966లోనే మెట్ల మధ్య గుండ్రటి చుక్కల స్థానంలో పలకలు వచ్చాయి. ఈ రెండు మార్పులకీ మధ్య కొద్ది నెలల కాలంలో బైండింగ్ ఉండి, చుక్కలూ ఉన్న నెక్‌లు తయారయ్యాయి. మా వాడిది సరిగ్గా అదే. స్టాంపు చెప్పిన మార్చి, నెక్ ముఖం చెప్పిన కాలం ఒకటే కావడంతో నా గుండె కుదుటపడింది. స్టాంపు ఎవరైనా దొంగది వేయగలరు. బైండింగూ చుక్కలూ కలిసొచ్చే కొద్ది నెలల నెక్ తయారు చేయడం అంత తేలిక కాదు.

తర్వాత కంట్రోళ్లు. జాజ్ బేస్‌లో అవన్నీ ఒక లోహపు పలక కింద ఉంటాయి. మూడు స్క్రూలు తీసి పలక తిప్పితే సౌండ్ పెంచి తగ్గించే పొటెన్షియోమీటర్లు, వాడుకలో పాట్‌లు, వెనకవైపు కనిపిస్తాయి. వాటి లోహపు అంచు మీద చిన్న అంకెలు అచ్చొత్తి ఉంటాయి. టార్చి లైటు పక్కనుంచి వేస్తే తప్ప కనపడవు. రెండు వాల్యూమ్ పాట్‌ల మీద 1376608 అని ఉంది. మొదటి మూడంకెలు తయారీదారు సంకేతం: 137 అంటే సీటీఎస్ కంపెనీ. 304 ఉంటే స్టాక్‌పోల్. తర్వాతి రెండంకెలు ఏడాది, చివరి రెండూ ఆ ఏడాదిలో ఎన్నో వారం అన్నది. అంటే 1966లో ఎనిమిదో వారం, ఫిబ్రవరి చివర. నెక్ మార్చి. బాగానే ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫెండర్ కంపెనీ 1966లో పాట్‌లను కుప్పలుగా కొని 1969 దాకా వాడుతూ వచ్చింది. కాబట్టి 66 అంకె ఉన్న పాట్ 1968 గిటార్‌లో కనబడినా తప్పు లేదు. పాట్ తేదీ చెప్పేది ఒక్కటే: గిటార్ ఇంతకంటే ముందు తయారై ఉండదు. తర్వాత ఎప్పుడైనా కావచ్చు. నిజానికి ఈ లెక్క ప్రతి భాగానికీ వర్తిస్తుంది. ప్రతి తేదీ ఒక దిగువ గీత గీస్తుందంతే. మనం వెతకాల్సింది వాటిలో అన్నిటికంటే ఆలస్యమైన అసలు భాగాన్ని. మొత్తం గిటార్ దాని తర్వాతే కూర్చబడి ఉండాలి.

మూడో పాట్, టోన్ కంట్రోల్, దగ్గర కథ మారింది. దాని మీద 1377922 అని ఉంది. 1979లో 22వ వారం. దాని చుట్టూ ఉన్న టంకం కూడా మిగతా వాటిలా మసకబారి లేదు, కొత్త చెంబులా మెరుస్తోంది. పక్కనున్న వైర్లకు గుడ్డ తొడుగు ఉంటే, దీనికి మాత్రం ప్లాస్టిక్ తొడుగు. అంటే 1979 తర్వాత ఎప్పుడో టోన్ కంట్రోల్ కరకరలాడడం మొదలుపెట్టి ఉంటుంది, ఎవరో రిపేరువాడు మార్చాడు. "అయితే ఇది పాడైపోయినట్టేనా?" అని మా వాడు దిగులుగా అడిగాడు. లేదురా అన్నాను. అరిగిపోయేదాకా ఎవరో దీన్ని తిప్పారు, తర్వాత బాగు చేయించుకుని మళ్ళీ వాయించారు. అలా వాయించడానికే కదా దీన్ని తయారు చేసింది.

పికప్‌ల సంగతి త్వరగానే తేలింది. అయస్కాంతపు కడ్డీల చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు చుడితే అది పికప్. పైన ఉక్కు తీగ కదిలినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం చెదిరి, ఆ చుట్టలో చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. అన్నిటికంటే లావు తీగ, ఇ, సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. ఆ ఊగుడంతా ఈ రాగి చుట్ట గుండానే బయటికి రావాలి. 1964 నుంచి ఈ పికప్‌ల అడుగు ఫైబర్ బూడిద రంగులో వచ్చింది. మా వాడివి రెండూ బూడిద రంగువే, మీటర్ పెడితే ఆ కాలపు పికప్‌లకు ఉండాల్సినంతే నిరోధం చూపించాయి.

ఇక రంగు. చెప్పడానికి ఎక్కువ ఉన్నది ఇక్కడే, డబ్బు ఎక్కువ చేతులు మారేదీ ఇక్కడే.

ఫెండర్ గిటార్లలో ఎక్కువ శాతం సన్‌బర్స్ట్ రంగులో వచ్చేవి. మధ్యలో పసుపు, అంచుల వైపు వెళ్ళేకొద్దీ ఎరుపు, ఆఖరికి నలుపు. అదనంగా కొంత చెల్లిస్తే కార్ల రంగుల పట్టికలోంచి కావలసింది వేసి ఇచ్చేవాళ్ళు. నిజంగానే కార్ల రంగులు: డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తయారు చేసినవే చాలా వరకు. అలాంటి కస్టమ్ రంగు గిటార్లు తక్కువ. అందుకే ఇప్పుడు వాటికి ధర ఎక్కువ, ఆ ధర చూసి తర్వాత రంగు మార్చినవీ ఎక్కువ.

మా వాడి బేస్ చూడగానే నాకు అనుమానం కలిగించింది తల. ఆ ఏళ్ళలో కస్టమ్ రంగు జాజ్ బేస్‌కి సాధారణంగా నెక్ తల ముందు భాగానికి కూడా అదే రంగు వేసేవాళ్ళు. ఇక్కడ బాడీ ఎరుపు, తల మామూలు మేపుల్ చెక్క రంగు. అయినా అదొక్కటే సాక్ష్యం చాలదు, మినహాయింపులు ఉండొచ్చు. అందుకే నెక్ ఊడదీసిన గాడిలోకి చూశాం.

1962 చివరి నుంచి ఫెండర్‌లో బాడీకి రంగు కొట్టేటప్పుడు, పట్టుకోవడానికి వీలుగా నెక్ గాడిలో ఒక కర్రను స్క్రూతో బిగించేవాళ్ళు. రంగు కొట్టాక కర్ర తీసేస్తే, అది ఉన్నంత మేర గాడిలో రంగు పడని చెక్క నీడలా మిగిలిపోయేది. అంతకుముందు కాలంలో గిటార్‌ని ఆరబెట్టడానికి సన్నటి మేకుల మీద నిలబెట్టేవాళ్ళు కాబట్టి పిక్‌గార్డ్ (బాడీ ముందు భాగాన్ని కప్పే రేకు) కింద చిన్న చిన్న మేకు రంధ్రాలు కనిపిస్తాయి. గిటార్ నకలు చేసేవాళ్ళు పైపూత ఎంత బాగా కొట్టినా ఇలాంటి చోట్ల తరచు దొరికిపోతారు. మా వాడి బాడీ గాడిలో కర్ర నీడ ఉంది. కానీ ఆ నీడ మీద కూడా పలచగా ఎర్ర తుంపర పడి ఉంది. కర్ర ఉండగా రంగు కొడితే అక్కడ రంగు పడకూడదు. పిక్‌గార్డ్ తీసి చూస్తే పికప్ గుంట అంచున, ఎరుపు కింద నుంచి ఒక సన్నటి పసుపు రేఖ తొంగి చూస్తోంది. సన్‌బర్స్ట్.

అంటే 1966లో ఈ గిటార్ ఫుల్లర్టన్ నుంచి సన్‌బర్స్ట్‌గా బయల్దేరింది. ఎవరికో ఎరుపు నచ్చింది. అమ్మినాయన కావాలని అబద్ధం చెప్పాడని నేననుకోను. ఆయన కొన్నప్పటికే అది ఎరుపు అయ్యుండొచ్చు. పాత గిటార్లలో అబద్ధాలు చాలావరకు అలాగే నడుస్తాయి. ఒకరు నమ్మి కొంటారు, అదే నమ్మకంతో అమ్ముతారు. రంగు మార్చిన పాత గిటార్ ధర, మార్చని దానితో పోలిస్తే దాదాపు సగానికి పడుతుందని వ్యాపారులు లెక్కవేస్తారు. కస్టమ్ రంగు ధర పెట్టి కొన్నవాడికి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మా వాడి మొహం చూసి కాసేపు ఎవరం మాట్లాడలేదు.

సేకరించేవాళ్ళ లోకంలో ఇంకో గీత కూడా ఉంది. 1965 జనవరిలో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకి 13 మిలియన్ డాలర్లకు అమ్మేశాడు. అంతకుముందువి బంగారం, తర్వాతివి ఇత్తడి అన్నట్టు మాట్లాడతారు. నాకు ఆ మాట నచ్చదు. యజమాని మారిన మర్నాడే పనివాళ్ళ చేతులు మారిపోవు. 1966 నాటికి అదే ఊరు, చాలావరకు అదే మనుషులు. మార్పులు మెల్లగా, ఒక్కొక్క భాగంలో ఒక్కో ఏడాది వచ్చాయి: 1960ల చివర్లో పాత నైట్రోసెల్యులోజ్ పూత స్థానంలో మందపాటి పాలియెస్టర్, 1970ల్లో జాజ్ బేస్ వెనక పికప్ బ్రిడ్జ్ వైపు కొంచెం జరగడం, ఆ దశకం మధ్యలో నెక్ స్క్రూలు నాలుగు నుంచి మూడుకు తగ్గడం. ఒక్క తేదీ చూసి మంచీ చెడూ తేల్చడం కంటే, చేతిలో ఉన్న గిటార్‌ని చూడడం మేలు.

మార్పులు, మరమ్మతులు విలువ తగ్గిస్తాయన్నది మార్కెట్ మాట. కానీ చరిత్ర వెతికేవాళ్ళకు మరమ్మతే ఒక్కోసారి వేలిముద్ర. బీటిల్స్ బ్యాండ్‌లో బేస్ వాయించిన పాల్ మెకార్ట్నీ 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో దాదాపు 30 పౌండ్లకు ఒక హాఫ్నర్ బేస్ కొన్నాడు. వయొలిన్ ఆకారం. రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడమచేతి వాటం ఉన్న ఆయన తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదు. 1964లో దానికి కొత్త రంగు వేయించారు, పికప్‌లను పట్టి ఉంచే చట్రాన్ని కూడా మార్పించారు. 1972 అక్టోబరులో లండన్‌లో వ్యానులోంచి దాన్ని దొంగిలించారు. యాభై ఏళ్ళకు పైగా ఆచూకీ లేదు. హాఫ్నర్ కంపెనీతో అనుబంధమున్న నిపుణుడు, ఇద్దరు జర్నలిస్టులు కలిసి వెతికితే ఇంగ్లండ్‌లో ఒక ఇంటి అటక మీద దొరికింది. 2024 ఫిబ్రవరిలో ఆ విషయం బయటపెట్టారు. అలాంటి హాఫ్నర్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇదే అది అని పోల్చుకోవడానికి పనికొచ్చిన గుర్తుల్లో ఆ 1964 మార్పులు ముఖ్యమైనవి. మార్చకుండా ఉంచి ఉంటే పోల్చడం ఇంకా కష్టమయ్యేది. 2024 డిసెంబరులో లండన్ వేదిక మీద ఆయన దాన్ని మళ్ళీ వాయించాడు.

అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పస్టోరియస్ జాజ్ బేస్‌ది ఇంకో దారి. 1962దిగా చెప్పే ఆ గిటార్‌కి మెట్లన్నీ ఆయనే పీకేశాడని చెబుతారు. ఖాళీ అయిన గాడుల్ని పూడ్చి, పైన పడవలకు వాడే ఎపాక్సీ పూశాడు. మెట్లు లేకపోవడంతో స్వరం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుతుంది, పైపూత గట్టిదనంతో గొంతు పాడినట్టు మోగుతుంది. సేకరించేవాడి కళ్ళతో చూస్తే అది పాడుచేసిన గిటార్. వినేవాళ్ళకు అది ఆ వాయిద్యం చరిత్రలో ఒక మలుపు. అది 1986లో న్యూయార్క్‌లో పోయింది. చివరికి మెటాలికా బ్యాండ్ బేస్ వాద్యకారుడు రాబర్ట్ ట్రుహియో సాయంతో 2010లో కుటుంబానికి చేరింది. మన చెవులకు బేస్ అంత దూరపుదేమీ కాదు. ఇళయరాజా పాటల్లో గాయకుడి వెనక తన దారిన తాను నడిచే ఆ కింది గొంతు చాలాసార్లు శశిధరన్ వేళ్ళది. పాట వింటూ ఒక్కసారి దాన్నే వెంబడించి చూడండి, పాట మొత్తం వేరేలా వినబడుతుంది.

మళ్ళీ డాలస్ బల్ల దగ్గరికి. అన్నీ బిగించే ముందు పిక్‌గార్డ్ మీద ఇంకో సంగతి కనిపించింది. ఫెండర్ బేస్‌లకు ఆ రోజుల్లో సన్న తీగ వైపు ఒక చిన్న చెక్క పట్టీ ఉండేది. బొటనవేలితో మీటుతారు, మిగతా వేళ్ళు ఈ పట్టీని పట్టుకుంటాయి అని లియో ఫెండర్ ఊహ. వాయించేవాళ్ళు మాత్రం చూపుడువేలు, మధ్యవేలుతో మీటడం మొదలుపెట్టారు. వాళ్ళకు బొటనవేలు ఆనించుకోవడానికి లావు తీగ వైపు ఏదైనా కావాలి. కంపెనీ ఆ పట్టీని అటు మార్చింది 1974లో. మా వాడి గిటార్‌లో సన్న తీగ వైపు రెండు ఖాళీ రంధ్రాలు, పట్టీ మాత్రం లావు తీగ వైపు బిగించి ఉంది. కంపెనీ కంటే ముందో తర్వాతో, ఎవరో ఒకాయన తన చేతికి వీలుగా మార్చుకున్నాడు. ఆ పట్టీ అంచు బొటనవేలు ఆనే చోట నున్నగా, లోపలికి వంగినట్టు అరిగిపోయి ఉంది. మా వాడు తన బొటనవేలు అక్కడ పెట్టి చూశాడు. సరిగ్గా కుదిరింది.

"సన్‌బర్స్ట్ మళ్ళీ వేయిస్తే?" అన్నాడు కాసేపాగి. వేయించొచ్చు, కానీ అప్పుడది మూడోసారి రంగు వేసిన గిటార్ అవుతుంది, 1966 సన్‌బర్స్ట్ తిరిగి రాదు. వాడు ఆలోచించి వద్దన్నాడు. అమ్మినాయనకు ఫోన్ చేసి ఫోటోలు పంపాడు. ఆయన కొంత డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు.

నెక్ మళ్ళీ బిగించేటప్పుడు స్క్రూని ముందుగా వెనక్కి తిప్పాలి. పాత మర దొరికినప్పుడు చిన్నగా 'టక్' మని కిందికి దిగుతుంది, అప్పుడు ముందుకు తిప్పాలి. లేకపోతే చెక్కలో కొత్త మర కోసుకుపోయి పట్టు వదులవుతుంది. నాలుగూ అలాగే దింపాం. మా వాడు ఒక కాగితం మీద చూసినవన్నీ రాశాడు: నెక్ మార్చి 66, రెండు పాట్‌లు 66 ఎనిమిదో వారం, మూడోది 79, పికప్‌లు అసలువి, రంగు తర్వాత వేసింది, కింద సన్‌బర్స్ట్, పట్టీ చోటు మార్చింది. తేదీ వేసి, మడిచి కేసు అరలో పెట్టాడు. తర్వాత యాంప్ ఆన్ చేసి ఇ తీగ మీటాడు. బల్ల మీది గ్లాసులు సన్నగా మోగాయి.